పాత స్నేహములు, పసిబిడ్డలు, ఆదివారపు విహారములు

(బరంపురమున కార్తిక మాసారంభమున జరిగిన తెలుగు కుటుంబముల కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)

 ముందు వరుసలో కూర్చుండి కాళ్లూపుచున్న చిరంజీవులకు ఆశీస్సులు.

మేము వర్తకులము. ఉపన్యాస విద్య మాకంతగా అలవడలేదు. కార్యవర్గమువారు మాటలాడుమని కోరిరి. విషయము మీ యిష్టమనిరి. మన సభలలో సాధారణముగా రెండు విషయములు వినబడుచుండును: ఒకటి పాఠశాలలు, రెండవది హక్కులు. 1956వ సంవత్సరమున రాజ్యాంగమునకు జరిగిన ఏడవ సవరణచే 350-ఎ అధికరణము చేరినది. అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప రాష్ట్రములు ప్రయత్నింపవలెనని అందు కలదు. దానిని పట్టుకొని మనము వినతి పత్రములు వ్రాయుచున్నాము. వ్రాయుట మానరాదు. నేడు మేము మనవి చేయదలచినది మాత్రము అంతకంటె చిన్న విషయము. ఆదివారమునాడు భార్యాబిడ్డలతోను, పాత మిత్రుల కుటుంబములతోను కలిసి ఊరి వెలుపలకు పోయి, చెట్టు నీడను అన్నము తిని, చీకటి పడకమునుపు ఇల్లు చేరుటను గూర్చి నాలుగు మాటలు చెప్పెదము. “ఇదియు నొక ఉపన్యాస విషయమా?” యని కొందరు నవ్వవచ్చును. నవ్విన పిమ్మట ఆలకింపుడని ప్రార్థన.

అవ్వకును మనుమనికిని నడుమ

మేమెఱిగిన యొక యింట ఎనుబదేండ్ల అవ్వ కలదు. ఆమెకు తెలుగు తప్ప వేఱొక భాష నోట రాదు. మనుమనికి తొమ్మిదేండ్లు. బడిలో ఇంగ్లీషు, వీథిలో ఒడియా, దూరదర్శినిలో హిందీ. అవ్వ పలుకరించిన వానికి అర్థమగును. బదులు చెప్పుటకు మాట దొరకదు. తల యూపి పోవును. ఇద్దరికిని ప్రేమకు కొదువ లేదు. ఐనను ఒకే యింటిలో, ఒకే మంచముపై కూర్చుండి, ఇద్దరును మూగలైయున్నారు. ఆ తల్లి యొకనాడు మాతో, “వాడు నాకు మనుమడు కాని, నేను వానికి కథ చెప్పజాలను నాయనా” యనెను. ఈ మాట మన యిండ్లలో ఎన్నింటికి వర్తించునో మీరే యోచింపుడు.

1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యెను. అంతవరకు మద్రాసు రాజధానిలోనుండిన మన గంజాము ప్రాంతము ఇందు కలిసెను. మన తాతలు ఊరు కదలలేదు, ఇల్లు మారలేదు, రాష్ట్రము మారినది. ఆనాటినుండి నేటివరకు తెలుగు మన యిండ్లలో నిలిచినదనిన, దానికి బడులకంటె వంటిండ్లును, అరుగులును ఎక్కువ తోడ్పడినవి. అరుగుపై పదిమంది పెద్దలు మాటలాడుచుండగా పిల్లలు ప్రక్కన ఆడుకొనుచు వినెడివారు. ఎవరును వారికి పాఠము చెప్పలేదు. మాట చెవిన బడెను. నేడు అరుగులు పోయినవి. ఇండ్లు అంతస్తులైనవి. తండ్రి అంగడినుండి వచ్చువేళకు బిడ్డ నిదురించును. ఇక పిల్లవాడు తెలుగు వినునదెప్పుడు? అమ్మ “అన్నము తిను”, “స్నానము చేయి”, “చదువుకో” యనునప్పుడు మాత్రమే. ఆజ్ఞలు మాత్రమే వినబడు భాషపై బిడ్డకు మమకారమెట్లు కలుగును? పెద్దలు నవ్వుకొనుటయు, ఒకరినొకరు వేళాకోళమాడుటయు, పాత సంగతులు చెప్పుకొనుటయు వానికి వినబడవలెను. అందులకు పాత మిత్రులు కావలెను, తీరిక కావలెను.

ఇది క్రొత్త వింత కాదు

విహారమనగానే ధనవంతుల వేడుకయనియో, పట్టణవాసుల నాగరికతయనియో తలపవలదు. మన పూర్వులు దీనికి కార్తిక వనభోజనమని పేరు పెట్టిరి. ఉసిరి చెట్టు నీడను విస్తళ్లు పఱచుకొని తినుట ఆచారము. చెట్టు దొరకనిచోట ఒక కొమ్మను తెచ్చి నాటుకొని, దాని ప్రక్కన కూర్చుండి ఆచారము చెల్లించెడివారు. చెట్టు లేదని పండుగ మానలేదు. అది గమనింపదగిన విషయము. మన ఒడియా సోదరులకును ఈ మాసము మిక్కిలి పవిత్రమైనది. చివరి అయిదు దినములను పంచుకమని పాటింతురు. పూర్ణిమనాడు తెల్లవాఱుజామున చిన్న చిన్న పడవలలో దీపములుంచి నీటిలో విడుతురు. పూర్వము కళింగ వర్తకులు ఓడలపై సముద్రము దాటిపోయిన దానికి గుర్తుగా దానిని బొయిత బందాణ యందురు. మన పిల్లలు తమ స్నేహితులతో కూడి పడవలు విడుచుట మాకానందము. ఆనాటి కళింగ నావికులలో మన పూర్వులును ఉండిరని వారికి చెప్పుటయు మఱవరాదు.

వనభోజనమునకు సంవత్సరమున నొక దినము చాలదు. మాసమున కొక ఆదివారమైనను కావలెనని మేమందుము. మాతో బడిలో చదివిన మిత్రులవి మూడు కుటుంబములు, మాది యొకటి. నాలుగు కుటుంబములము ఈ నియమమును కొన్ని యేండ్లుగా పాటించుచున్నాము. అందు నొకరు ఉపాధ్యాయులు, ఒకరు రైలు శాఖ ఉద్యోగి, ఒకరు బట్టల వ్యాపారి. పెద్దలు ఎనమండుగురము, పిల్లలు తొమ్మండుగురు, అవ్వలు ఇద్దరు. మా యనుభవమున దేలిన సంగతులనే మీ ముందుంచుచున్నాము.

వరుసలు కలుపుకొనుట

మొదటి సంగతి పిలుపులు. పిల్లలు మా మిత్రులను అంకుల్ అనుచుండిరి. వీథిలోని యలవాటుచే మౌసా, మౌసీ యనియు పిలుచుచుండిరి. ఆ పిలుపులలో తప్పేమియు లేదు. ఐనను మేము కూర్చుండి వరుసలు నిర్ణయించుకొంటిమి. మాకంటె పెద్దవాడైన మిత్రుడు పెదనాన్న, చిన్నవాడు బాబాయి. తల్లులకు అన్నదమ్ముల వరుసగా మెలగువాడు మామయ్య. వారి యిల్లాండ్రు దొడ్డమ్మ, పిన్ని, అత్త. రెండు మాసములలో పిలుపు స్థిరపడెను. పిలుపుతోపాటు చనువును వచ్చెను. “మామయ్యా, నన్ను భుజముపై ఎక్కించుకో” యని పిల్లవాడడుగును. అంకుల్‌ను అట్లడుగుట మేము చూడలేదు.

రెండవ సంగతి ఆటలు. అవ్వలను తీసికొనిపోవుట వలన మాకు కలిగిన లాభమిది. సముద్రపుటొడ్డున తడియిసుకలో అవ్వ పదునాలుగు గుంటలు తీసెను, వెంట తెచ్చిన చింతపిక్కలు పోసెను, వామనగుంటలు నేర్పెను. ఆట తెలుగులో సాగవలెనని ఆమె నియమము. పండ్రెండనిన నెంతయో తెలియని పిల్లలు రెండు గంటలలో ఇరువదివఱకు లెక్కించిరి. గెలువవలెనన్న పట్టుదల యుండగా లెక్క తనంతట వచ్చును. ఒప్పులకుప్ప, చెమ్మచెక్క, దాగుడుమూతలు, చెడుగుడు, అష్టాచెమ్మ. వీనిలో నొక్కదానికిని ఖర్చు లేదు. ముందు చెప్పిన యవ్వయు, మనుమడును మాతో వచ్చువారే. ఇప్పుడు వాడామెతో దీర్ఘముగా మాటలాడునని మేము చెప్పము. ఆటలో ఆమె పిక్కలు దాచినప్పుడు మాత్రము “అవ్వా, దొంగాట!” యని యరచును. ఆమెకంతియే చాలును.

మూడవ సంగతి పేర్లు. గోపాలపురము త్రోవలో కనబడు చెట్టును సరుగుడు చెట్టని చెప్పుము. గంజాము గాలిలో వచ్చు పరిమళము మొగలి పువ్వుదని చెప్పుము. మొగలికి గంజాము పెట్టినది పేరు. అత్తరువారు ఇచ్చటి పువ్వునకే వచ్చెదరు. జీడిమామిడి, తాటి, ఈత, పొగడ. చూపించి చెప్పిన పేరు బిడ్డ మఱవడు. పుస్తకమునందు చదివినది పరీక్షతో పోవును.

ఎచ్చటికి పోవలెను?

దూరదేశములకు పోనక్కఱలేదు. మన చుట్టును ఉన్నవి చాలును.

గోపాలపురపు సముద్రతీరము మనకు సమీపమైనది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు, దీపస్తంభము కలదు. అచ్చట ఇసుకలో ఆడుకొనవచ్చును కాని నీటిలో దిగుట మంచిది కాదు. అలలు బలమైనవి, అడుగున లాగుడు కలదు. పసిబిడ్డలను చీలమండల లోతునకు మించి దింపరాదని మా కఠిన నియమము.

రంభ మన హౌరా–మద్రాసు రైలు మార్గముపైననే యున్నది. స్టేషను దిగినచో చిల్కా సరస్సు దూరము కాదు. సుమారు 1,100 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము గల ఉప్పునీటి సరస్సది. సముద్రపు నీరును, నదుల నీరును అందు కలియును. 1981వ సంవత్సరమున రామ్‌సర్ ఒడంబడిక జాబితాలో దీనిని చేర్చిరి. శీతకాలమున దూరదేశముల పక్షులు లక్షలుగా వచ్చును. బర్కూలునుండి పడవపై కాళీజాయి దీవికి పోవచ్చును. అత్తవారింటికి పోవుచు తుపానులో మునిగిపోయిన నవవధువు జాయి అచ్చట దేవతయైనదని పడవవారు చెప్పుదురు. ఆ కథ విని మా యింటి ఆడపిల్లలు కన్నీరు పెట్టిరి. తిరిగి వచ్చునంతవఱకు ఆ కథనే తెలుగులో ఒకరికొకరు చెప్పుకొనిరి. పడవలో ప్రాణరక్షక కవచము తొడుగనిదే ఏ బిడ్డను ఎక్కింపవలదు.

ఋషికుల్యా నది సముద్రమున గలియుచోట వేసవికి ముందు తాబేళ్లు వేలకొలది ఒడ్డున కెక్కి గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్కటి సుమారు నూరు గ్రుడ్లు పెట్టి ఇసుక కప్పి పోవును. నలువదియైదు, ఏబది దినములకు పిల్లలు పుట్టి, వెలుగు కనబడు దెసకు, అనగా సముద్రమునకు, పరుగిడును. ఒడ్డున దీపములుంచినచో దారి తప్పి ఊరివైపు పోయి చచ్చును. అందుచే చుట్టుప్రక్కల గ్రామముల యువకులు కాపలా కాయుదురు. దారి తప్పిన వానిని బుట్టలతో నెత్తి నీటిలో విడుతురు. దూరముగా నిలువబడి, దీపము వేయక, చప్పుడు చేయక చూడవలెను. పెరిగిన ఆడ తాబేలు తాను పుట్టిన ప్రాంతమునకే తిరిగివచ్చి గ్రుడ్లు పెట్టునందురు. మన పిల్లలును చదువులకు, ఉద్యోగములకు దూరదేశములు పోవుదురు, పోవలసినదే. తిరిగి రాదలచినపుడు ఒడ్డును ఆనవాలు పట్టుటకు తగిన గుర్తులు చిన్ననాడే వారి మనస్సున నాటవలెను.

ఋషికుల్యా తీరముననే జవుగడ కలదు. అశోక చక్రవర్తి శాసనములు అచ్చటి శిలపై చెక్కబడియున్నవి. ప్రజలందరు తన బిడ్డలవంటివారని ఆ చక్రవర్తి కళింగ ప్రజలకొఱకు ప్రత్యేకముగా చెక్కించిన మాట అచ్చటనే యున్నది. ఎదిగిన పిల్లలకు చూపదగిన చోటు. వేడినీటి ఊటగల తప్తపాణి శీతకాలమునకు తగినది.

దక్షిణమునకు పోయినచో ఇచ్ఛాపురము దాటిన తరువాత టెక్కలి సమీపమున తేలినీలాపురము కలదు. శీతకాలమున గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును వచ్చి అచ్చటి చింతచెట్లపై గూళ్లు కట్టును. అచ్చట మన పిల్లలకు కలుగు వింత పక్షులవలన మాత్రమే కాదు. బడ్డీకొట్టువాడు, బస్సు కండక్టరు, పోలీసు జవాను, అందరును తెలుగు మాటలాడుచుండుట చూచి, “నాన్నా, ఇచ్చట అందరిదియు మన యింటి భాషయే!” యని మా చిన్నవాడు ఆశ్చర్యపడెను. తన భాష నాలుగు గోడల నడుమది కాదని వానికానాడు తెలిసినది.

రెండు దినముల వ్యవధి దొరికినచో పర్లాకిమిడికి పోవలెను. గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు అచ్చట ఉపాధ్యాయులుగా జీవితమును గడపిరి. 1863వ సంవత్సరమున ఆయన జన్మించిన ఊరు శ్రీముఖలింగమునకు సమీపమున నున్నది. వారి జన్మదినమగు ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. వాడుక తెలుగుకొఱకు పోరాడిన ఆయనయే సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును కూర్చిరి. తన భాషపై ప్రేమ గలవాడు పొరుగువాని భాషను చులకన చేయడనుటకు ఇంతకంటె నిదర్శనమేల? మన పిల్లలు ఒడియాను చక్కగా చదువవలెను, వ్రాయవలెను. మా విహారములకు ఒడియా మిత్రుల కుటుంబమొకటి తఱచుగా వచ్చును. వారి పిల్లలు వామనగుంటలలో మా వారిని ఓడించుచున్నారు.

నియమములు

స్నేహములు మాటవలన చెడుటకంటె లెక్కవలన చెడుట అధికము. వర్తకులము గనుక దీనిని గట్టిగా చెప్పెదము.

ఖర్చు పద్దు వ్రాయవలెను. బండి బాడుగ, పడవ కిరాయి, పాలు, పండ్లు అన్నియు వ్రాసి, ఆ సాయంకాలమే కుటుంబముల వారీగా పంచుకొనవలెను. కలిగినవాడు “అంతయు నేనే యిచ్చెద” ననుట ఔదార్యముగా కనబడును. రెండు మాఱులు అట్లు జరిగినచో, లేనివాడు మూడవమాఱు జ్వరమని ఇంట నిలిచిపోవును. అట్లు నిలిచిపోయిన మిత్రుని తిరిగి తెచ్చుట కష్టము. అందుచే, అందరిలో చిన్న సంపాదన గలవానికి తగినట్లుగా ఖర్చును నిర్ణయించుకొనవలెను. బస్సులో పోయినను సముద్రము సముద్రమే.

వంట విషయము. ఆదివారమునాడు పురుషులు విశ్రాంతి పొందుటకై స్త్రీలు తెల్లవాఱి మూడు గంటలకు లేచి గారెలు వండవలసివచ్చిన, అది విహారమెట్లగును? ఒక యింటినుండి పులిహోర, ఒక యింటినుండి దద్దోజనము, ఒక యింటినుండి కూర, నాలుగవ యింటినుండి పండ్లు, మజ్జిగ; దీనికి మించి వలదు. మన బరంపురపు అప్పడములును, ఊరగాయలును ఉండగా లోటేమి? వడ్డన పురుషులది. గిన్నెలు కడుగుటయు పురుషులదే. మొదట మా మిత్రుడొకడు సిగ్గుపడెను; ఇప్పుడు పడుట లేదు. తండ్రి గిన్నె తోముట చూచిన కొడుకు రేపు తన యింట కూడ తోమును.

కాపలా విషయము. పదిమంది పెద్దలున్నచోట పిల్లలను అందరును చూచుచున్నారని అందరును అనుకొందురు, ఎవ్వరును చూడరు. నీటి యొడ్డున ఇది ప్రాణాంతకము. అరగంటకొకరు చొప్పున పేరు చెప్పి వంతు వేసికొనవలెను. వంతులోనున్నవాడు పేకాడరాదు, ఫోను చూడరాదు, కబుర్లలో దిగరాదు. పసివారికి కాచి చల్లార్చిన నీరు, మార్చుటకు రెండు జతల బట్టలు, ఓఆర్‌ఎస్ పొట్లములు తప్పక యుండవలెను. ఎండ ముదురకమునుపు ఆటలు, మధ్యాహ్నము నీడ, సూర్యాస్తమయమునకు ముందే ప్రయాణము.

ఫోను విషయము. పిల్లల చేతినుండి లాగుకొని పెద్దలు చూచుచు కూర్చుండిన ప్రయోజనము లేదు. మేము అన్నింటిని ఒక సంచిలో వేసి అవ్వకిచ్చెదము. ఒక్కటి మాత్రము అవసరమునకు బయట నుండును.

కొన్ని ఆక్షేపణలు

“ఆదివారము బేరము పోవును గదా” యని సోదర వర్తకులందురు. పోవును. మాసమునకొక దినపు బేరము పోవును. సంవత్సరమునకు పండ్రెండు దినములు. మిగిలిన మూడువందల ఏబది మూడు దినములు అంగడి తెఱచియే యుండును. బిడ్డకు ఎనిమిదేండ్లు మరల రావు. పదునాలుగేండ్లు వచ్చిన పిమ్మట మీరు రమ్మన్నను వాడు రాడు.

“ఆదివారము ట్యూషను” అని తల్లులందురు. మాసమునకొక దినము మానినచో బుద్ధి మందగించునని మేమెచ్చటను వినలేదు.

“పాత మిత్రుడు మాటలాడుట లేదు, ఏండ్ల క్రితము తగవు వచ్చినది” అని కొందరు చాటుగా చెప్పుకొందురు. వారికొక సంగతి జ్ఞాపకము చేసెదము. 2013వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురమువద్దనే తీరము దాటెను. పైకప్పులు లేచిపోయినవారు, కరెంటు లేక, నీరు లేక ఎవరి తలుపు తట్టిరి? తగవున్న మిత్రుని తలుపును తట్టినవారిని మేమెఱుగుదుము. తెఱచినవారినిగూడ ఎఱుగుదుము. తుపాను వచ్చువఱకు వేచియుండనేల? ఒక ఆదివారము చాలదా?

తుదిమాట

సంఘమువారికి మా ప్రార్థన యిది. నాలుగైదు కుటుంబములు చొప్పున కూటములుగా నేర్పడుడు. ప్రతి కూటమియు మాసమునకొక ఆదివారమును ముందుగా నిర్ణయించుకొనవలెను. నిర్ణయింపని దినము ఎన్నటికిని రాదు. బిడ్డలు దూరదేశములలో నుండగా ఒంటరిగా మిగిలిన వృద్ధ దంపతులు మనలో పలువురున్నారు. ప్రతి కూటమియు అట్టివారి నొకరిని తమతో తీసికొనిపోవలెను. పిల్లలకు కథ చెప్పువారు లేరు. వారికి వినువారు లేరు. బండిలో రెండు స్థానములు వదలినచో ఉభయుల లోటును తీరును. క్రొత్తగా ఊరికి వచ్చిన తెలుగు కుటుంబమేదైన నున్నచో వారినిగూడ పిలువవలెను.

పాఠశాలకొఱకు ప్రభుత్వము నడుగుదము. పుస్తకములకొఱకు అడుగుదము. బిడ్డలయెదుట తెలుగులో నవ్వుటకు మాత్రము ఎవరి యనుమతియు అక్కఱలేదు, ఏ నిధియు అక్కఱలేదు. కార్తిక మాసము ప్రారంభమైనది. మా నాలుగు కుటుంబములము వచ్చు ఆదివారము ఉదయము రంభకు బోవుచున్నాము. మాతో వచ్చువారు శుక్రవారములోగా అంగడివద్ద పేరు చెప్పవలసినది. పులిహోర తెచ్చువారు ఇప్పటికే ముగ్గురైరి. మజ్జిగ తెచ్చువారు కావలెను.